తీసేసిన నలభై సెకన్లు

"ఆ తమ్ముడెవడో గానీ, కనిపిస్తే రెండు పీకాలనుంది" అంటూ మైకక్క ముప్పై ఒకటో రికార్డింగు నా బల్ల మీద పెట్టింది.

మా రేడియో కార్యక్రమంలో మనుషులు తమ కష్టాలు, మనసు చెదిరిన రోజులు మైకు ముందు చెప్పుకుంటారు. మైకు పట్టుకుని ప్రశ్నలు అడిగేది ఆవిడ, అందుకే మైకక్క. దగ్గులు, పేర్లు తీసేసి, చివర్లో గొంతు మార్చేది నేను. ఎవరు మాట్లాడారో నాకూ చెప్పరు, అంకె ఒక్కటే ఇస్తారు. ప్రసారానికి ముందు ఆ మనిషి వచ్చి, నా పక్కన కూర్చుని, మొత్తం విని సంతకం పెట్టాలి.

హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. మాటకంటే ముందు గొంతు సవరింపు వినిపించింది. రెండు చిన్నవి, ఒకటి పెద్దది.

మా అన్నయ్య. బస్సు డ్రైవరు.

"స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికేవమ్మా. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి భోజనాల దగ్గర మా తమ్ముడితో అన్నాను. 'బస్సుకి బ్రేకులు ఫెయిలవడం విన్నాం గానీ, డ్రైవరుకి ఫెయిలవడం ఇదే వినడం' అన్నాడు వాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను."

తొమ్మిది సెకన్ల మౌనం.

"ఆ వారమే వంతెన మీద బస్సాపి దిగాను. రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. లోపల్నుంచి ఒకావిడ, 'ఏవయ్యా, మమ్మల్ని దిగి తొయ్యమంటావా?' అని అరిచింది. ఆ అరుపుతోనే వెనక్కొచ్చాను."

ఆ జోకు బాగా పేలిందని తర్వాత నలుగురు స్నేహితులకు కూడా చెప్పుకున్నాను నేను.

భోజనాల ముక్కను మౌనంతో సహా కత్తిరించాను. నలభై సెకన్లు. అతుకు తెలియకుండా అన్నయ్య ఊపిరే ఒకటి వేరేచోటి నుంచి తెచ్చి మధ్యలో పెట్టాను. పదేళ్లలో ఇంత శుభ్రంగా ఏ పనీ చేయలేదు.

ముప్పై ఒకటో మనిషి వినడానికి వచ్చే గురువారం సెలవడిగితే మైకక్క ఇవ్వలేదు. పదింటికి తలుపు దగ్గర గొంతు సవరింపు. రెండు చిన్నవి, ఒకటి పెద్దది.

నన్ను చూసి అన్నయ్య ఆశ్చర్యపోలేదు. కూర్చున్నాడు, విన్నాడు, హెడ్‌ఫోన్లు తీశాడు.

"బాగా చేశావురా. భోజనాల దగ్గర మాట ఏది?"

"నిడివి ఎక్కువైందన్నయ్యా."

"ఎంత?"

"నలభై సెకన్లు."

"అవి చెప్పడానికేరా నేను ఇంత దూరం వచ్చింది." కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. "ఇంట్లో చెబితే మళ్లీ ఏదో అంటావు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వాలి. ఇక్కడైతే నువ్వు నోరు మూసుకుని వింటావనుకున్నాను."

తీసిన ముక్కను మళ్లీ దాని చోట పెట్టాను. అన్నయ్య హెడ్‌ఫోన్లు నా తలకే తగిలించాడు.

ఈసారి చెయ్యి మౌస్ మీద పెట్టకుండా విన్నాను. నా మాటను అన్నయ్య అచ్చం నాలాగే పలికాడు. చివర్లో నా వెకిలి నవ్వుతో సహా. ఆ తర్వాత తొమ్మిది సెకన్లు. మొదటిసారి వాటిని చివరిదాకా విన్నాను. వాటిలో ఏమీ లేదు, అన్నయ్య ఊపిరి తప్ప.

తలుపు తోసుకుని మైకక్క వచ్చింది. "అయిందా? సంతకం పెట్టారా అన్నగారూ?"

అన్నయ్య పెన్ను తీయలేదు. నన్ను పట్టివ్వనూ లేదు. బల్ల మీది కాగితాన్నే చూస్తున్నాడు.

హెడ్‌ఫోన్లు తీసి లేచి నిలబడ్డాను.

"అక్కా, రెండు పీకుతానన్నావే... ఆ తమ్ముణ్ణి నేనే."

గదిలో ఎవరూ నవ్వలేదు.

అన్నయ్య గొంతు సవరించుకుని కాగితం తన వైపు లాక్కున్నాడు.