రేపటి టైరు జాడ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల మాట తల్లులారా. కడప నుంచి రాయచోటికి పోయే కనుమ కింద ఒక పల్లె. తెల్లారి కళ్లాపి చల్లేముందు ఆడవాళ్లు దోవ చూసుకుంటారు. రేపు పోబోయే బండ్ల జాడలు ఆ దుమ్ములో ఈ రోజే పడతాయి. అవి తడవకుండా పక్కగా చల్లుకొని ఎవరి పనికి వాళ్లు పోతారు. దేవుని కడప స్వామి ఇచ్చిన దోవ, ఆయన ఇష్టం.

గంగక్క మొగుడు మద్దిలేటి చెన్నూరు తమలపాకుల మోపులు మోటారుసైకిలుకు కట్టుకొని కనుమ దాటే మనిషి. ఆ పొద్దు ఆమె ఆయన జాడ వెంట మొదటి మలుపు దాకా నడిచింది. దోవ కుడికి తిరిగింది. జాడ తిరగలేదు. నేరుగా లోయలోకి దిగింది. తిరిగొచ్చే జాడ యాడా లేదు.

"ఏమయ్యో, రేపు నువ్వు మలుపు తిరగవంట," అనింది ఇంటికొచ్చి. "జాడ చూస్తే చెయ్యంత వెడల్పుండాది."

మద్దిలేటి తల గోక్కున్నాడు. అరిగిన టైర్లకు మొన్ననే కడపలో కొత్త రబ్బరు వేయించినాడు. ఎద్దులబండి చక్రం మాదిరి చదునుగా వెయ్యప్పా, బరువుకు ఊగకుండా ఉంటాదని దగ్గరుండి చెప్పినాడు.

"చదునుగా ఉంటే నిలబడాల గదమ్మే?"

గంగక్కకూ తెలీలేదు. ఊరికే పొయ్యికాడి గుండ్రటి అడుగు కుండను వంచింది. ఎంత వంచితే అంత వాలింది. గింజలు కొలిచే చదునడుగు శేరును వంచింది. అది అంచు మీద మొండికేసి, చెయ్యి వదలంగానే టక్కున నిటారుగా నిలబడింది.

"నిలబడేది నిజమే," అనింది. "వాలమంటే వాలదు."

"మలుపులో వాలకుంటే ఎట్లమ్మే! మరి ఎద్దులబండి తిరగడంల్యా?"

"దాన్ని తిప్పేదానికి ఎద్దులుండాయి. నిన్నెవరు తిప్పల్ల, నేనా?"

మానుకుందామంటే ఆకు వాడిపోతాది. మద్దిలేటి బస్సెక్కి కడపకు పోయి, కుండ అడుగు మాదిరి నేల తాకే చోట గుండ్రంగా ఉండే టైర్లు తెచ్చి ఎక్కించినాడు. ఆఖరి బోల్టు బిగుసుకున్నప్పుడు గంగక్క మలుపుకాడ నిలబడుండాది. లోయలోకి దిగిన జాడ నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు కదిలి, సన్నబడి, దోవతోపాటు కుడికి వాలింది. దాని పక్కనే ఇంకొకటి పుట్టి పల్లె వైపు దిగింది.

మరుసటి సాయంత్రం మద్దిలేటి ఆ రెండో జాడ మీదనే ఇంటికొచ్చినాడు. బండి ఆపి, దిగకుండా టైరునే చూస్తాండాడు.

"అంత వాలినా నేలను వదల్లేదే! అదెట్లమ్మే?"

"నాకేం తెలుసు? దిగు, సంగటి చల్లారిపోతాండాది."