కొళాయికి కట్టిన ఆకు

ఊరిపెద్ద కల్మాటక్‌ది మంచి మనసే, కాదనేవాళ్లెవరూ లేరు. కానీ మంచి మనసుతో చేసే తిక్కపనులకి ఆ దీవి ఆస్పత్రి బీరువాలో కూడా మందు లేదు.

ఏళ్ల తరబడి అక్కడికి కాన్పుకొచ్చే ప్రతి ఆడమనిషీ బట్టలమూటతో పాటు రెండు బకెట్ల నీళ్లు తెచ్చుకునేది. చివరికి ఊరంతా కలిసి కొండ ఊట నుంచి గొట్టం వేసి, ఆస్పత్రి పక్కన పెద్ద ట్యాంకు నిలబెట్టారు. నర్సు నెట్టీ ఆ రోజు ఆనందం పట్టలేక ఏడ్చేసింది. మర్నాడే పిల్లలు ఆటలాడి నీళ్లు పారబోస్తున్నారని కల్మాటక్ కొళాయికి ఎవరూ ముట్టొద్దన్న గుర్తుగా రెండు నమెలె ఆకులు అడ్డంగా కట్టి, పెళ్లి మాటలకని పక్క దీవికి పడవెక్కాడు. ఇంకేముంది! నమెలె కట్టిన చెయ్యే విప్పాలి. అందాకా పిల్లలే కాదు, నర్సు కూడా ముట్టకూడదు.

ఐదు రోజులు నెట్టీ నిండు ట్యాంకు పక్కనుంచే వాగునీళ్లు మోసింది. ఆరో రోజు పొద్దున్నే కల్మాటక్ కూతురు ఎల్సీకి నొప్పులు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే కల్మాటక్ పందులు వాగులో పడి పొర్లి నీళ్లన్నీ బురద చేశాయి. పట్నం తీసుకెళ్దామంటే ఊళ్లో ఉన్న ఒక్క మోటారు పడవా ఆయన దగ్గరే ఉంది. బురదనీళ్లతో కాన్పు చేస్తే తల్లీబిడ్డలకి ప్రమాదం. నెట్టీ కొళాయి దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దమ్మా, ఆకు విప్పేస్తున్నా. ఏమైతే అదవుతుంది!" అంది.

కల్మాటక్ భార్య లైమాస్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు విప్పితే రేపట్నుంచి ఆకంటే ఎవడికీ లెక్కుండదు. ఉండు. మా ఆయన ఆకు దేనికి కట్టాడే?"

"కొళాయికి."

"ట్యాంకు మూతకి కట్టాడా?"

నెట్టీ తలెత్తి ట్యాంకు పైకి చూసింది. అరవై ఎనిమిదేళ్ల లైమాస్ బకెట్టు అందుకుని, గౌను ఎగ్గట్టి గబగబా నిచ్చెనెక్కేసింది!

"బకెట్టు కడిగిందేనా?" కింద నుంచి నెట్టీ అరిచింది.

"వేణ్ణీళ్లతో రెండుసార్లు కడిగానే తల్లీ! నువ్వు లోపలికెళ్లి నా కూతుర్ని చూడు!"

తాడుకట్టి తోడిన తేటనీళ్లు చేతులు మారుతూ లోపలికి వెళ్లాయి. వరసలో నిలబడ్డ ఆడవాళ్లకి నవ్వాగితే ఒట్టు.

మధ్యాహ్నం కల్మాటక్ పడవ దిగి వచ్చేసరికి భార్య ట్యాంకు మీద కూర్చుని ఉంది.

"పడి చస్తావే, దిగు!"

"ముందు ఆకు విప్పు."

"పిల్లల కోసం కట్టానే బాబూ! నర్సుని ఎవరొద్దన్నారు?"

"ఆ సంగతి ఆకుకి చెప్పి వెళ్లావా?"

అంతలో లోపల పసిబిడ్డ కేరుమంది. ఆయన గుమ్మంలోకి పరుగెత్తాడు. నెట్టీ చేతులు చాపి అడ్డంగా నిలబడింది.

"మనవరాలు, పెద్దాయనా! కూతురూ క్షేమం. చేతులు కడుక్కోందే లోపల అడుగు పెట్టనివ్వను."

ఆయన వెనక్కి వెళ్లి, ఆకులు విప్పి, మోచేతుల దాకా సబ్బుతో తోముకున్నాడు. ఆకు తప్పుగా కట్టినందుకు తనకి తానే జరిమానా వేసుకుని, వాగులో పొర్లిన పందుల్లో ఒకదాన్నే విందుకి ఇచ్చాడు.

సాయంత్రం అందరూ తింటుంటే నెట్టీ ఒక్కతే కొళాయి తిప్పి, దాని కింద చేతులు పెట్టి నిలబడింది. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి. అయినా కొళాయి కట్టెయ్యబుద్ధి కాలేదు.

పిల్లలు చూడనే చూశారు. "తాతా! నర్సమ్మ నీళ్లు పారబోస్తోంది, ఆకు కట్టు!"