దూది రాలే పట్నం

ఆదోనిలో కాపురం పెట్టిన కొత్తలో నాకు అన్నిటికంటే నచ్చింది గాలిలో ఎగిరే దూది. మా అద్దె ఇంటి వెనకే జిన్ను, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లు. కిటికీ తెరిస్తే చాలు, అన్నంలో, కాఫీలో, మా ఆయన మీసాల మీద కూడా దూదిపోగులు వాలేవి. నేను వాటిని ఒక్కొక్కటే ఏరి ఊదేదాన్ని. ఆయన "బడికి ఆలస్యమవుతోంది, వదులు" అంటూనే మొహం ఇంకా దగ్గరికి తెచ్చేవారు.

ఆయన పేరు జయన్న. హైస్కూల్లో తెలుగు చెప్తారు, కథలు రాస్తారు. మన కథల్లో పట్నమంటే ఎప్పుడూ మద్రాసేనని ఆయన బాధ.

"ట్రాములు, సముద్రం, దీపస్తంభం కింద నిలబడి ఏడ్చే నిరుద్యోగి! తెల్లవాడు పోయినా మనవాళ్ల కథలు వాడు వేసిన వీధులు దాటి రావు. ఆదోని పట్నం కాదా? ఇక్కడ రైలు లేదా, మిల్లు లేదా, ఆకలి లేదా?" అని బొరుగుల ఉగ్గాని, బజ్జీ ఉన్న పొట్లం చేతిలో ఊపుతూ వాదించేవారు. నేనూ బి.ఏ. చదివినదాన్నే, ఎదురు వాదించగలను. బజ్జీ చల్లారిపోతుందని ఒప్పేసుకునేదాన్ని.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు గ్రంథాలయంలో 'మన కొత్త పట్నం' అని కథల పోటీ పెట్టారు. బహుమతి ఇచ్చేది జిన్ను యజమాని శేషప్ప సావుకారు. మా ఆయనకు కథ మా గుమ్మంలోనే దొరికింది.

ఆ కథ పేరు హులిగెమ్మ. జిన్నులో పత్తిలోని చెత్త ఏరే కూలి. పని దిగాక కొప్పు నిండా దూదితో మా గుమ్మంలో కాసేపు కూర్చుని, వెనక గుడిసెల్లోకి పోయేది. కూతురు చౌడమ్మ పురుటికి వచ్చి ఉంది. పుట్టబోయే బిడ్డ కోసం చిన్న పరుపు నింపుతోందని తెలిసి, మా నాన్న ఎమ్మిగనూరు నుంచి పంపిన నీలం చారల గుడ్డతో నేనే సంచి కుట్టి ఇచ్చాను.

హులిగెమ్మ దాన్ని తిప్పి చూసి పకపకా నవ్వింది. "ఇదేం కుట్టమ్మా, తాగినోడు ఇంటికి పోయినట్ల పోయిండాది!"

"ఇంత దూది ఎక్కడిది నీకు?" అని అడిగారు మా ఆయన.

ఆమె నడుము తట్టుకుంది. "కింద పడిండేదే అయివారూ, ఊడ్చి పారేసేదే. బొడ్లో పిడికెడు చెక్కుకొని వస్తాం, అందరం. ఎవురూ అడగరు, మేమూ సెప్పం. గేటు కాడ కావలి ఇమాం సాబ్ ఉంటాడు గదా, మేం దాటేటప్పుడు ఆయప్ప ఆ పక్క తిరిగి బీడీ ముట్టిచ్చుకుంటాడు."

మా ఆయన కళ్లు మెరిశాయి. కథలో పెడతాను, పేరు మాత్రం మారుస్తాను అన్నారు.

"ఎందుకు మార్చేది? నేనేమన్నా దొంగనా? హులిగెమ్మ అనే రాయి. నా పేరు యాడా కాగితం మీద లేదు. కూలి కాడ గూడా వేలిముద్రే."

ఆ వారమే చౌడమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఆ ఆదివారమే గ్రంథాలయంలో కథ చదివారు. మా ఆయన గొంతు ఎంత బాగుందో! బీడీ దగ్గరికి వచ్చేసరికి హాలంతా నవ్వింది. ద్వారం దగ్గర నిలబడిన హులిగెమ్మ పక్కామెను మోచేత్తో పొడిచి, "నేనే, నేనే" అంది.

సావుకారు లేచి మా ఆయనను కౌగిలించుకున్నాడు. "ఇన్నాళ్లు మద్రాసు మద్రాసు అనిరి. ఇప్పుడు మన జిన్నును పుస్తకంలోకి ఎక్కించినావప్పా! ఆ బీడీ సంగతి... బలే పట్టినావు. బహుమతి ఇంటికే పంపిస్తాలే."

ఇంటికి వచ్చే దారంతా మేం చేతులు పట్టుకునే నడిచాం.

మర్నాడు సాయంత్రం జిన్ను దగ్గర కేకలు వినిపిస్తే మిద్దె ఎక్కి చూశాను. గేటు దగ్గర ఇమాం సాబ్ లేడు. ఆయన ఉండే చోట కుర్చీ వేసుకుని సావుకారే కూర్చున్నాడు. ఆడవాళ్లంతా వరసగా నిలబడి ఉన్నారు.

"కథలో హులిగెమ్మ ఎవురే? ముందుకు రా. పేరు మోసిన మనిషివి, నీతోనే మొదలు. కొప్పు ఇప్పు."

ఆమె విప్పింది. దూదిపోగులు రాలాయి.

"బొడ్డు ఇప్పు."

బండ్ల వాళ్లు, హమాలీలు చూస్తున్నారు. ఆమె కదల్లేదు.

"సిగ్గా? ఇమాం సాబ్ మాదిరి అటు తిరిగి బీడీ ముట్టిచ్చుకోమంటావా?"

మగవాళ్లు నవ్వారు, నిన్న హాల్లో నవ్వినట్లే. ఆమె కుచ్చిళ్లు వదులు చేసింది. పిడికెడు దూది కింద పడింది. సావుకారు దాన్ని చెప్పుతో పక్కకు తోసి, రేపటి నుంచి రావద్దన్నాడు. సావుకారు మనుషులు ఇద్దరు గుడిసెలోకి పోయి, నిద్రపోతున్న పసిదాన్ని నేల మీదికి జరిపి, కథలో విన్న ఆ పరుపు ఎత్తుకొచ్చారు.

మా ఆయన విని పాలిపోయారు. చొక్కా వేసుకుని సావుకారు ఇంటికి వెళ్లారు. దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చారు.

"చాలా మర్యాదగా మాట్లాడాడు. కాఫీ ఇచ్చాడు. దొంగతనం దొంగతనమే కదా అయివారూ, అన్నాడు."

"మీరేమన్నారు?"

"కథను కర్నూలులో కూడా చదివిస్తాడట."

నాలుగు రోజులకు బహుమతి వచ్చింది. గులాబి పట్టుగుడ్డ తొడిగిన బుల్లి పరుపు. తెచ్చిన బండివాడు ముసిముసిగా నవ్వుతూ, "వచ్చే యేడుకు మీ ఇంట్లో ఉయ్యాల కట్టల్లంట, సావుకారు సెప్పమన్నాడు" అన్నాడు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. పరుపును గుండెకు హత్తుకుని, చెంప ఆనించి, గదిలో గిర్రున తిరిగాను. అబ్బ, ఎంత మెత్తన! చెంప కింద ఏదో ఉండకట్టినట్లు తగిలింది. పట్టు కుట్లు విప్పాను. లోపల నీలం చారల గుడ్డ. దాని మీద తాగినోడు ఇంటికి పోయినట్లు నా కుట్టు.

పరుపు తీసుకుని గుడిసెలకు పరిగెత్తాను. పసిది గోనెపట్ట మీద పడుకుని ఉంది. హులిగెమ్మ పరుపును చూసి ముందు తలుపు వేసింది.

"దీన్ని ఈడికి ఎందుకు తెచ్చినావమ్మా? మళ్లీ వచ్చి చూస్తే ఈసారి పోలీసోళ్లకు పట్టిస్తారు."

"సావుకారే మాకిచ్చాడు. నేను నీకిస్తున్నాను."

"నీకిస్తే బహుమానం. నా ఇంట్లో ఉంటే దొంగసొత్తు."

కత్తిపీటతో కుట్లు కోసింది. దూది పిడికెళ్లతో తీసి పొయ్యిలో వేసింది. అది భగ్గున మండి, వెంటనే మాయమైంది. చౌడమ్మ బిడ్డను ఒళ్లోకి తీసుకుని చూస్తూ కూర్చుంది. చివరికి ఖాళీ సంచి మడిచి హులిగెమ్మ నా చేతిలో పెట్టింది.

"మీ ఆయప్పకు సెప్పు. బాగ రాసినాడు. అంతా ఉన్నది ఉన్నట్లే రాసినాడు. నా పేరుతో సహా."

ఇంటికి వచ్చేసరికి మా ఆయన దీపం ముందు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు జాలేసింది.

"ఏమంది?"

నేను ఖాళీ సంచిని ఒళ్లో పెట్టుకున్నాను.

"చెప్పు. ఆమె ఏ మాట ఎట్లా అన్నదో అట్లే చెప్పు." ఆయన పెన్ను మూత తీశారు.

"ఏమీ అనలేదు" అన్నాను.

ఆయన దీపం కాస్త దగ్గరికి జరుపుకున్నారు.

"ఏమీ అనలేదా!" అన్నారు మెల్లగా. "అదే ఇంకా బాగుంది."

రాసుకున్నారు.