నాభిగడ్డ నిద్ర

గొర్రెల కాపరికి నాభితీగె అంటే పాము లెక్క. దాని గడ్డ కొరికిన గొర్రె బతకదు. అందుకే ఆలేరు పక్క గుట్టల్లో నలభై ఏళ్లుగా మంద మేపుతున్న ఐలేశం, ఆ తీగె కనబడిన చోటల్లా గడ్డపారతో పెకిలించి పారేసేవాడు. పుణ్యం పనే అనుకున్నాడు, పాపం.

ఒక వానాకాలం గుట్టంతా తిరిగినా ఒక్క తీగె కనబడలేదు. చివరికి రెండు బండల సందులో, గడ్డపార దూరని చోట, నాలుగు తీగెలు పూసి ఉన్నాయి. పీకే దారి లేక కూర్చుని చూశాడు. దాన్ని నిదానంగా చూడటం అదే మొదలు. ఆకు కొస మెలిక తిరిగి ముళ్లకంపను పట్టుకుంది. పువ్వు నేలచూపు చూస్తుంటే రేకులు మాత్రం పైకి లేచాయి. ఇవాళ పసుపుగా ఉన్న పువ్వు మూడో నాటికి ఎర్రబడింది. చలికాలానికి తీగె మొత్తం ఎండి మాయమైంది. ఎండాకాలమంతా ఇది ఏం చేస్తుంది? ఆ ప్రశ్న అతని బుర్ర తొలిచేసింది.

మాఘంలో సందులోని మట్టి పుల్లతో గీకి, రెండు కొమ్ములున్న గడ్డనొకదాన్ని ఇంటికి తెచ్చి, గొర్రెలు రాకుండా కంప కట్టి పెరట్లో పాతాడు. వానలు వచ్చాయి గానీ అది మొలవలేదు. భార్య భద్రమ్మ నవ్వుతూ ఒక మాట అన్నది.

"నలభయేండ్లు నరికిన చేతికి అది మొలుస్తదా?"

ఆమెకది ఎకసెక్కమే. కానీ ఆ వారమే ఈనుతున్న గొర్రె కడుపులోంచి ఐలేశం తీసిన పిల్ల చచ్చి పుట్టింది. మరుసటి ఏడు తెచ్చి పాతిన రెండో గడ్డా మొలవలేదు. తవ్వి చూస్తే కుళ్లి ముద్దయింది. ఇక అతనికి తన చెయ్యే మంచిది కాదని గట్టిపడింది. అప్పటినుంచి గొర్రె ఈనబోతే పక్కింటి పెద్దులును పిలిపించడం, తాను దొడ్డి బయట మొహం తిప్పుకుని నిలబడటం. కాపరికి అంతకన్నా సిగ్గు ఏముంటుంది?

అయినా మూడో ఏడు మళ్లీ గడ్డ తెచ్చాడు. ఈసారి కూడా కుళ్లితే మంద అమ్మేద్దామని లోపల అనుకున్నాడు. ఎర్రమట్టిలో ఇసుక కలిపి, మొలక వచ్చే కొమ్ము చివర విరగకుండా, నాలుగు వేళ్ల లోతున అడ్డంగా పడుకోబెట్టాడు. తీగె పాకడానికి ఈసారి కంప కూడా నాటాడు. ఉగాదికి ముందే భద్రమ్మ తన కూతురు శోభ రెండో కాన్పుకని భువనగిరి వెళ్లింది.

మిరుగు కార్తె తొలి వానకు మొలక లేచింది. దిష్టి తగులుతుందేమోనని అతను భద్రమ్మకు ఫోన్లో కూడా చెప్పలేదు. శ్రావణంలో భద్రమ్మ తిరిగొచ్చేసరికి కంప మీద మూడు పువ్వులు. ఆమె సంచి కింద పెట్టకుండానే అడిగింది, ఎండాకాలం నీళ్లు ఎన్ని పోశావని.

"ఒక్క చుక్క పొయ్యలే. గుట్టమీద దానికెవరు పోసిండ్రు? ఎండకాలం పండుకుంటదది."

భద్రమ్మ గడపలో కూలబడింది.

"నీ చేతిల ఏం దోషం లేదయ్యా. రెండేండ్లు నువ్వు మందకు పోంగనే దినాం చెంబెడు నీళ్లు నేనే పోసిన. ఎండకు మాడిపోతదని పానం ఆగలే. నేనే కుళ్లబెట్టిన."

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. ఐలేశానికి కోపం ముంచుకొచ్చింది. ఏడాదిగా తన మంద దగ్గరే తాను పరాయివాడిలా నిలబడ్డాడు. తిట్టడానికి నోరు తెరిచాడు కూడా. ఆమె కళ్లు తుడుచుకోవడం చూసి ఆ తిట్టును మింగేశాడు.

అప్పుడే దొడ్డిలో ఒక గొర్రె మూలిగింది. పొద్దుటి నుంచి నొప్పులు పడుతున్నదే అది. అలవాటు కొద్దీ భద్రమ్మ లేచింది, పెద్దులును పిలుస్తానని.

"అవసరం లేదు" అన్నాడు ఐలేశం. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని గొర్రె వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. భద్రమ్మ తడిక దగ్గరికి వచ్చి వంగి చూడబోయింది.

"జర అటు జరుగు, ఎల్తురు ఆపుతున్నవ్" అన్నాడు తల ఎత్తకుండా. లోపల పిల్ల ముందుకాలు వెచ్చగా అతని వేళ్లకు తగిలి, తన్నింది.