ఇంట్లో అందరికన్నా పెద్దావిడ

షోకేసు మీది నల్ల పగడాన్ని శుభ్రం చెయ్యడానికి గుడ్డ పనికిరాదు. పిల్లలు బొమ్మలకు రంగులేసే సన్నటి కుంచె కావాలి. మూరెడు ఎత్తున ఆకు రాలిన కొమ్మలా ఉంటుందది. ఆ రెమ్మల సందుల్లో దుమ్ము చేరిందంటే సగం పొద్దు దానికే సరి. ఇంట్లో అలాంటి పని ఒకటుందని ఆ ఇంటి కోడలికి తప్ప ఎవరికీ తెలియదు. శుభ్రంగా ఉన్నదాన్ని ఎవరు చూస్తారు గనక!

దాన్ని తెచ్చింది ఆమె భర్త. లోతు సముద్రంలో చేపలు పట్టే పెద్ద పడవకు ఆయన కెప్టెన్. ఇంటా బయటా ఆయన పేరు అదే, చివరికి ఆమె నోట కూడా అదే. ఆ పడవల వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. కొత్త చోట తొలి వల లాగినప్పుడు చేపలతో పాటు ఏది వింతగా పైకొస్తే అది కెప్టెన్ భార్యకు చెందుతుంది. “కొత్త గుట్ట మీద తొలి వల. చూడు, నీకేం తెచ్చానో” అంటూ చేతిలో పెట్టినప్పుడు ఆమె పొంగిపోయింది. పెళ్ళయ్యాక తను అడక్కుండా ఆయన తెచ్చిన మొదటి వస్తువు అదే మరి.

గుట్ట అంటే సముద్రం అడుగున ఉండే కొండ. ఇనప చక్రాలు కట్టిన బరువైన వల దాని మీద గీక్కుంటూ పోతుంది. నాలుగు చేపల కోసం ఇల్లంతా బోర్లించి దులిపినట్టు, దారిలో ఉన్న పగడాలూ స్పాంజీలూ విరిగి వలలో పడతాయి. అవి ఒక బరువు దాటితే ఆ చోటు వదిలి పోవాలని నిబంధన. అందుకని తూకానికి ముందే డెక్కంతా నీళ్ళు కొట్టి వాటిని సముద్రంలోకి కడిగేస్తారు. “కాటా ఎక్కనిది లేనట్టే కదా” అని కెప్టెన్ అన్నం తింటూ నవ్వాడొకసారి. ఆమె కూడా నవ్వింది. అప్పట్లో ఆయన నవ్వితే తనూ నవ్వడం అలవాటు.

ఆమె ఉద్యోగం చేసేది మత్స్యశాఖ పరిశోధనశాలలో. పగడాల్ని కాగితమంత పలచగా కోసి, నునుపుగా రుద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి వయసు చూస్తుంది. చెట్టు మొద్దులో ఉన్నట్టే వాటిలోనూ వలయాలుంటాయి. కానీ మీటింగుల్లో మంచినీళ్ళ గ్లాసులు అందించడం కూడా ఆమె పనే. “నీ చెయ్యి కుదురమ్మా, ఒక్క చుక్క ఒలకదు” అంటాడు పెద్దాఫీసరు. అది మెచ్చుకోలనే ఆయన నమ్మకం.

ఇంట్లో అత్తగారికి మతిమరుపు ముదిరింది. రోజంతా షోకేసుకు ఎదురుగా కుర్చీలో కూర్చుంటుంది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, “ఆవిడ పొద్దుట్నుంచీ అలాగే ఉంది. కాస్త మంచినీళ్ళివ్వవే” అంది. ఎవరికని అడిగితే పగడం వైపు చూపించింది. “మా అత్తగారే. నోరు విప్పదు. పాపం, ఊపిరాడట్లేదు కాబోలు.”

మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత ముసలావిడ ఊరుకుంటుంది కదా అని పగడం పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టింది. పెట్టగా పెట్టగా అదే అలవాటైంది. ఒకనాడు తుడుస్తూ తుడుస్తూ, “కాస్త ఇటు తిరగండి” అని దానితో అనేసి తనే ఉలిక్కిపడింది. ఆ తర్వాత హాల్లో ఒంటరిగా ఉండాలంటే బెరుకు. కుర్చీ జరిపినప్పుడు నేల కిర్రుమంటే కళ్ళు వాటంతటవే షోకేసు వైపు పోయేవి. ఆ గీకుడు చప్పుడు పగడం ఇంతకుముందు విన్నదే అని ఎందుకో అనిపించేది.

ఆ బెరుకులోనే ఓసారి కుంచె తగిలి మొదలు దగ్గరి ఓ రెమ్మ విరిగింది. ఆ గోరంత ముక్కను ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్ళి కోసి చూసింది. వలయం మీద వలయం. లెక్కపెడుతూ తన వయసు దాటింది, అత్తగారి వయసు దాటింది, ఆవిడ అత్తగారి అత్తగారి రోజులు కూడా దాటింది. ఇంకా నడిబొడ్డు రాలేదు. అత్తగారిది మతిచలించిన మాట కాదు. నిజంగానే ఆ ఇంట్లో అందరికన్నా పెద్దావిడ షోకేసు మీదుంది.

ఇంతలో ఆ గుట్ట మీద అడుగు గీకే వలలు శాశ్వతంగా నిషేధించాలా వద్దా అని ఆమె ఆఫీసులోనే విచారణ పెట్టారు. మొదటి రోజు పడవల వాళ్ళ వంతు. వలలో చేపలు కాక ఇంకేమేం వస్తాయని విచారణ అధ్యక్షురాలు అడిగింది.

“అక్కడ ఏమీ లేదండీ. ఉత్త బురద” అన్నాడు కెప్టెన్.

గ్లాసుల్లో పోస్తున్న ఆమె చేతిలోంచి మొదటిసారి నీళ్ళు ఒలికాయి. ఆ గొంతు ఆమె ఎరిగిందే. మీ ఆవిడ ఏం చేస్తారని చుట్టాలడిగితే, “ఏమీ లేదండీ, ఊరికే ఆఫీసుకెళ్ళొస్తుంది” అంటాడు. అంతే తేలిగ్గా, అబద్ధమన్న స్పృహే లేకుండా. ఇన్నేళ్ళూ అది వింటూ అన్నం వడ్డించింది తనేనా అని ఆమెకు రోత పుట్టింది.

సాయంత్రం ఇంట్లో పగడాన్ని చూపించి అడిగేసింది. “ఇది ఆ గుట్టదే కదా?”

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. “ఆ గుట్ట మూసేస్తే నా పడవ ఒడ్డున కట్టేసుకోవాలి. అసలు సముద్రం గురించి నీకేం తెలుసు? రేపు విచారణ వాళ్ళెవరైనా ఇంటికి రావచ్చు, దాన్ని అటకెక్కించు.”

సరేనంది. అంట్లు తోముతూ ఆలోచించింది. నోరు విప్పితే ఈ ఇల్లు మళ్ళీ ఇలా ఉండదు. ఆయన పడవతో పాటు తన కాపురమూ ఒడ్డున పడుతుంది. ఆమెకు భయమేసింది. కానీ విప్పకపోతే ఆ గుట్టను అడుగంటా గీకేస్తారు. ఇక్కడ మాత్రం తను దాని చచ్చిన కొమ్మకు రోజూ దుమ్ము దులుపుతూ ఉంటుంది.

పొద్దున్నే స్టూలెక్కి అటక మీంచి పాత దుప్పటి దించింది. పగడాన్ని అందులో చుడుతుంటే అత్తగారు కుర్చీలోంచి ముందుకు వంగింది.

“ఆవిణ్ణి ఎక్కడికే తీసుకెళ్తున్నావు?”

“జరిగింది చెప్పడానికి, అత్తయ్యా.”

ముసలావిడ తన చేతుల్ని తనే చూసుకుంది. “చెప్పనీ. నన్నైతే ఎవరూ అడగలేదు” అంది.

విచారణ గదిలో కెప్టెన్ ముందు వరసలో కూర్చున్నాడు. పెద్దాఫీసరు ఆమెను చూసి నీళ్ళు పెట్టమని సైగ చేశాడు. ఆమె నేరుగా అధ్యక్షురాలి బల్ల దగ్గరికి వెళ్ళి, గ్లాసులు పక్కకు జరిపి, దుప్పటి విప్పింది.

“ఇదెక్కడిదమ్మా?” అని అడిగింది అధ్యక్షురాలు.

“ఏమీ లేదన్నారే, అక్కడిదండీ” అంది ఆమె. “మా ఆయనే తెచ్చారు. నాకోసం.”