పదకొండో పేజీ

"ఈసారి రిపోర్టు మీద నీ పేరే వేయించాను జాయ్సీ" అన్నాడు బాబీ, చొక్కా కోసం చెయ్యి చాపుతూ.

జాయ్సీ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. కాలరు మీద ఆగిందని గుర్తొచ్చి గబుక్కున పైకెత్తింది. చొక్కా మాడలేదు. మాడి ఉంటే ఆ ఉదయం ఇంకోలా గడిచేది.

ఏలూరు పవర్‌పేటలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఐదేళ్ళుగా పనిచేస్తున్నారు. అతను ప్రాజెక్టు మేనేజరు, ఆమె ప్రోగ్రామరు. ఆమె రాసిన ప్రతి కాగితమూ అతని పేరుతోనే బయటికి వెళ్ళేది. కొత్తల్లో ఒకసారి అడిగింది. "ఇంటిపేరు ఒకటేగా, ఇంకా నీది నాది ఏంటి?" అని నవ్వేశాడు. ఆ తర్వాత అడగడం మానేసింది. కోపం వచ్చి మానలేదు, ఓపిక లేక మానేసింది. కోపం నిలవాలన్నా తిండీ నిద్రా ఉండాలి కదా. అందుకే ఇవాళ అతను ఆ మాట అన్నా, "టిఫిను చల్లారిపోతోందండీ" అంది. కానీ చట్నీ తాలింపు పెడుతున్నంతసేపూ ఆమె లోపల ఒక చిన్న సంతోషం చిటపటలాడుతూనే ఉంది.

ఆ రిపోర్టుకి మూడు వారాలు పట్టింది. తాడేపల్లిగూడెంలో చేపల మేత తయారుచేసే సూర్యప్రకాశరావుగారికి కొల్లేటి చుట్టుపక్కల ఇరవై చెరువులున్నాయి. చెరువు గట్ల మీద మనుషులు రోజుకి నాలుగుసార్లు నీళ్ళలో ప్రాణవాయువు కొలిచి ఫోన్లో చెబితే, ఆ అంకెలన్నీ డేటాబేసులో చేరతాయి. ఆయన గూడెంలో కూర్చుని ఇంటర్నెట్లో ఏ చెరువు ఎలా ఉందో చూసుకోవాలి. అంకెలు చేర్చే పని అయిపోయింది. వాటిని గ్రాఫులుగా, రిపోర్టులుగా చూపించే టూలు ఏది కొనాలన్నదే మిగిలింది. నాలుగు తెప్పించారు. జాయ్సీ నాలుగూ పరీక్షించింది, ఆఫీసులో సగం, ఇంట్లో వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పప్పు ఉడికేలోగా సగం. మొదటిది ప్రింటు తీస్తే తెలుగు కొమ్ములు ఒకచోట, అక్షరాలు ఇంకోచోట పడ్డాయి. రెండోది గ్రాఫు తెరిచేలోపు ఆమె కూర దించి చారు పెట్టేసింది. మూడోది సినిమా బొమ్మలా రంగులు మారుస్తూ లేచి నిలబడింది. నాలుగోది బీదగా ఉంది గానీ అబద్ధం చెప్పలేదు.

ఒకరోజు మెంతులు వేయిస్తూ స్క్రీను వైపే చూస్తుంటే అత్తగారు రత్నకుమారి గుమ్మంలో నిలబడింది. "కంప్యూటరు ముందు కూర్చోడం కూడా పనేనామ్మా? దాన్నే పనంటే మరి మేము చేసినదాన్ని ఏమనాలి?"

"నేను నిలబడే ఉన్నానండీ అత్తయ్యగారూ" అంది జాయ్సీ.

"అదే చెబుతున్నా. నిలబడి కూడా దాన్నే చూస్తున్నావు. మెంతులు నల్లబడ్డాయి చూడు."

నిజంగానే నల్లబడ్డాయి. మళ్ళీ వేయించింది.

ఆ ఉదయం సూర్యప్రకాశరావుగారికి రిపోర్టు ఇవ్వడానికి ఏలూరులో ప్యాసింజరు ఎక్కాక బాబీ కిటికీ పక్కన కూర్చుని పేపరు విప్పాడు. జాయ్సీ బ్యాగులోంచి రిపోర్టు తీసింది. అట్ట మీద పెద్ద అక్షరాలతో తన పేరు. దాని మీద వేలు పెట్టి చూసుకుంది, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని. పేజీలు తిప్పింది. పది తర్వాత పన్నెండు వచ్చింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. పన్నెండో పేజీ చివర 'మూడవ టూలును ఎంపిక చేయడమైనది' అని ఉంది. ఆమె రాసింది నాలుగోదని.

"ఏవండీ, పదకొండో పేజీ లేదు."

"తీసేశాను. మూడోదాని మైనస్ పాయింట్లేగా అందులో ఉన్నవి. క్లయింటు ముందు మైనస్ పాయింట్లు చదువుతామా?"

"నేను చెప్పింది నాలుగోది కదండీ."

"నాలుగోది స్కూలు పిల్లల గ్రాఫు కాగితంలా ఉంది జాయ్సీ. గ్రాఫులు కదులుతాయని ఆయనకి ఫోన్లో మాటిచ్చేశాను." పేపరు మడిచి ఆమె వైపు చూశాడు. "పేరు వేశాను కదా, ఇంకా ఏంటి?"

బండి భీమడోలు దాటింది. జాయ్సీ రిపోర్టు మూసి ఒళ్ళో పెట్టుకుంది. పొద్దుటి సంతోషం ఎక్కడ పోయిందో వెతుక్కునే ఓపిక కూడా లేదు. అతను చెప్పినదాంట్లో తప్పేముంది అని తనకి తనే సర్దిచెప్పుకోబోయింది. అలవాటు కదా. ఉప్పు ఎక్కువైందంటే తనదే తప్పనుకోవడం, పాపకి జ్వరం వస్తే తనదే తప్పనుకోవడం. కానీ ఇది కూర కాదు. ఇరవై చెరువులు. ఆ చెరువుల మీద బతికే ఇళ్ళు ఎన్నో ఆమెకి తెలీదు. తెలిసిందల్లా ఒక్కటే, ఆ గ్రాఫు మంచిదని చెప్పే రిపోర్టు మీద తన పేరుంటుంది.

సూర్యప్రకాశరావుగారి గదిలో తవుడు వాసన నిండి ఉంది. అరవై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. టీ రాగానే బాబీ చూపుతోనే సైగ చేశాడు. జాయ్సీ లేచి కప్పులు అందించింది. తర్వాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అతను చెప్పిన చోటల్లా మౌసు నొక్కింది. ఏడో చెరువు తాలూకు నీలం గీత అలలాగ లేచి, నున్నగా సాగిపోయింది.

"అబ్బ, భలే ఉందండీ!" అన్నాడాయన. "అయితే నాదొక పద్ధతుంది బాబీగారూ. మా మిల్లులో ఏ మిషను కొన్నా, ఇది మంచిదని చెప్పినవాళ్ళు సంతకం పెట్టాలి. తేడా వస్తే జవాబు చెప్పాల్సింది వాళ్ళే."

"మీ పద్ధతి తెలుసు కదండీ. అందుకే ముందుగానే ఆవిడ పేరు వేయించాం" అన్నాడు బాబీ.

ముందుగానే. జాయ్సీ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఐదేళ్ళు అక్కరలేని పేరు ఇవాళెందుకు కావలసి వచ్చిందో అప్పుడర్థమైంది.

బాబీ పన్నెండో పేజీ తెరిచి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టాడు. స్కూలు ఫారాలకీ, బ్యాంకు కాగితాలకీ ఎప్పుడూ అలాగే పెడతాడు. ఆమె చదవదు, ఆ వేలు పక్కనే సంతకం చేస్తుంది.

"పెట్టు జాయ్సీ. బండి టైమవుతోంది."

పెన్ను తీసుకుంది. ఈలోగా సూర్యప్రకాశరావుగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "ఇదేంటమ్మా, పది తర్వాత పన్నెండుంది?"

"బైండింగులో పొరపాటండీ" అన్నాడు బాబీ. బల్ల కింద అతని బూటు ఆమె పాదం మీద ఆనింది.

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం ఆమెకి ఎంత బాగా వచ్చో.

"పొరపాటు కాదండీ, తీసేశారు" అంది జాయ్సీ. "మీరు చూసిన ఈ గీత అబద్ధమండీ. పధ్నాలుగో తారీఖు సాయంత్రం ఆరింటికి ఒకసారి కొలిచారు, మళ్ళీ మర్నాడు తొమ్మిదింటికి. మధ్యలో ఎవరూ కొలవలేదు. ఈ టూలు ఆ రెండు చుక్కల్నీ కలిపేసి అంతా బాగుందన్నట్టు చూపిస్తోంది. నీళ్ళలో ప్రాణవాయువు బాగా పడిపోయేది తెల్లవారుజామునేగా. ఆ సమయంలో ఏం జరిగిందో మనకి తెలీదండీ."

"మరి నువ్వు ఏది తీసుకోమంటావు?"

"నాలుగోదండీ. కొలవని చోట గీత తెంపేస్తుంది. చూడ్డానికి బాగుండదు. కానీ కొలవలేదని మీకు తెలుస్తుంది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పదిహేనో తారీఖు పొద్దున్న ఏడో చెరువులో చేపలన్నీ చచ్చి తెల్లగా తేలిపోయాయమ్మా. కొలిచాం, బాగానే ఉందన్నారు మావాళ్ళు. తెల్లారగట్ల కొలవడానికి ఒక్కడూ లేవడు."

"అది డేటా ఎంట్రీలో..." అన్నాడు బాబీ.

సూర్యప్రకాశరావుగారు అతని వైపు చూడలేదు. "రేపు నాలుగింటికి గట్టు మీద నేనే ఉంటాను. ఎలా కొలవాలో, ఎలా పంపాలో నువ్వొచ్చి మావాళ్ళకి చెప్పగలవామ్మా? మా ల్యాబులో పనిచేసే షాయిస్తా అనే అమ్మాయి కూడా వస్తుంది. జీపు మీ ఇంటికే పంపుతాను."

"ఆవిడకి కుదరదండీ" అన్నాడు బాబీ వెంటనే. "తెల్లారగట్లే ఇంట్లో పనుంటుంది. పాప స్కూలు, అమ్మ టిఫిను... నేనొస్తాలెండి."

జాయ్సీ పెన్నుకి మూత పెట్టింది. సంతకం లేని రిపోర్టుని ఆయన వైపు జరిపింది.

"నేనొస్తానండీ. ఎనిమిదేళ్ళుగా ఆ వేళకే లేస్తున్నాను" అంది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది. "రేపు ఇంట్లో మీరు లేవండి."