నరేందర్ బండిలో మద్దెల

నరేందర్‌ది మహేశ్వరం పక్కన ఊరు. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లను తన పాత ఏడు సీట్ల డీజిల్ బండిలో షిఫ్టులకు తీసుకెళ్లి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపుతాడు. ఆ బండిలో గుండె అదిరేలా పాట మోగాలని అతనికి ఎన్నో ఏళ్ల కోరిక. మొన్న దసరా అయ్యాక ఆరాంఘర్ దగ్గర ఒక దుకాణంలో పెద్ద యాంప్లిఫయరూ, డిక్కీ నిండా దరువు అదరగొట్టే రెండు వూఫర్లూ పెట్టించుకున్నాడు.

మొదటిరోజే చిక్కు మొదలైంది. పాటలో దరువు పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మినుక్కుమనేవి. సౌండు పెంచితే యాంప్లిఫయర్ దానంతటదే ఆగిపోయేది, మళ్లీ మొదలయ్యేది. తెల్లవారుజాము షిఫ్టుకు వెళ్లే ఆడపిల్లలు బండి కన్ను కొడుతున్నదని నవ్వేవాళ్లు. ఒకనాడు ముందు పోతున్న లారీవాడు అది తనకే సైగ అనుకుని, పక్కకు తీసి మర్యాదగా దారిచ్చాడు కూడా.

దుకాణంవాళ్లు పెద్ద బ్యాటరీ వేయమంటే వేయించాడు. రెండు రోజులు బాగానే ఉంది. మూడోరోజు శంషాబాద్ బస్టాండు ముందు బండి మొరాయించింది. ఎక్కినవాళ్లంతా దిగి నెట్టాల్సి వచ్చింది. ఆ నెట్టినవాళ్లలో నరేందర్ భార్య శిరీష కూడా ఉంది. ఆమె ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, ఎయిర్‌పోర్టులో రన్‌వే దీపాలు చూసే పనిలో ఉంది. ఇస్త్రీ చేసిన యూనిఫాం మీద మట్టి దులుపుకుంటూ ఆమె ఒక్కటే మాట అన్నది.

"ఇగ చాలు. ఆదివారం బండి నాకియ్యి."

ఆదివారం పొద్దున వాకిట్లో రేకుల కింద బండి పెట్టి, శిరీష మీటరు పట్టుకుంది. ఇంజన్ నడుస్తుండగా పాట పెట్టించి ముందు బ్యాటరీ దగ్గర చూసింది, తర్వాత వెనక యాంప్లిఫయర్ దగ్గర చూసింది. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు ఉన్నాయి, వెనక్కి వచ్చేసరికి పది దాటడం లేదు. దుకాణంవాళ్లు వేసిన తీగ కోసి చూస్తే పైన తొడుగే లావు, లోపల రాగి నాలుగు పోగులు. ఎర్త్ తీగనైతే బండి బాడీకి రంగు మీదనే బిగించేశారు.

"రంగు మీద బిగిస్తే ఎర్త్ ఎట్ల తగుల్తది?" అంటూ ఆమె ఇనుము తళతళలాడేదాకా గీకింది. లావుపాటి రాగి తీగలు లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టింది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉన్న పాత ఎర్త్ కూడా తుప్పుపట్టి ఉంటే మార్చేసింది.

నరేందర్ టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. తన బండికి తనకంటే బాగా తెలిసినవాళ్లుంటారని అతను ఎప్పుడూ అనుకోలేదు. కొంచెం మొహం చిన్నబుచ్చుకునే అడిగాడు.

"నెల సంది సూస్తనే ఉన్నవ్ గద. ముందే చెప్పకపోతివి?"

"నువ్వు అడగకపోతివి."

ఇద్దరికీ నవ్వొచ్చింది.

యాంప్లిఫయర్ ఆగిపోవడం మానేసింది గానీ, లైట్లు ఇంకా కొద్దిగా తగ్గుతూనే ఉన్నాయి. బ్యాటరీ కొత్తదే కదా, ఇంకేం తక్కువని నరేందర్ అడిగాడు. శిరీష అతనికి తెలిసిన లెక్కలోనే చెప్పింది.

"బ్యాటరీ తొట్టి. దాన్ని నింపే డైనమో బోరు. బోరు సన్నగ పోస్తుంటే తొట్టి ఎంత పెద్దది కట్టినా ఏం ఫాయిద?"

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. వారంలోనే శంషాబాద్‌లో మధు అనే మెకానిక్ దగ్గరికి వెళ్లి, అదే బిగింపులో కూర్చునే పెద్ద డైనమో వేయించి, బెల్టు కూడా మార్పించుకొచ్చాడు.

తర్వాతి ఆదివారం పరీక్ష. ఎండ తగలకుండా ఉంటుందని నరేందర్ తండ్రి జంగయ్య వచ్చి బండి వెనక సీట్లో కూర్చున్నాడు. ఆయన ముప్పై ఏళ్లు ఊరి భజన మండలిలో మద్దెల వాయించినవాడు. చెవులు పూర్తిగా పోయాక, రెండేళ్లుగా భజనకు వెళ్లడమే మానేశాడు. అంతకుముందే దవాఖానలో ఇప్పించిన చెవి మిషను కీచుమంటున్నదని అటకమీద పెట్టేశాడు. ఆయనతో ఏది చెప్పాలన్నా చేతులతో చెప్పాల్సిందే.

దరువు గట్టిగా ఉన్న పాట కోసం వెతుకుతుంటే, శిరీష ఫోన్‌లో కిందటి ఏకాదశి భజన రికార్డు కనిపించింది. అదే పెట్టి, ఆమె మీటరు మీద కళ్లు నిలిపింది. పద్నాలుగు దగ్గర అంకె కదలలేదు. హెడ్‌లైట్లు కూడా చెక్కుచెదరలేదు. నరేందర్ సంతోషం పట్టలేక సౌండు ఇంకా పెంచాడు.

వెనక సీట్లో జంగయ్య వేళ్లు మోకాలి మీద కదలడం ముందు శిరీషే చూసింది. పాటతోపాటే, దెబ్బకు దెబ్బ. ఆమె నరేందర్ భుజం తట్టి చూపించింది. అంతలో ముసలాయన కనుబొమలు ముడిపడ్డాయి.

"మద్దెల ఎవడు కొడుతున్నడురా? మూడో చరణంల జారుతున్నడు."

ఎట్లా తెలిసిందని నరేందర్ చేతులతోనే అడిగాడు. జంగయ్య సీటుకు మరింత ఆనుకుని కూర్చున్నాడు.

"చెవికి గాదు బిడ్డా. ఈపుకు ఇనొస్తున్నది."

పాట మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ ఆయన ఒక్కచోటే చెయ్యెత్తి ఆపాడు. నిజంగానే అక్కడ తాళం జారుతున్నది. శిరీష కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. నరేందర్ అప్పటికప్పుడు గోవర్ధన్‌కు ఫోన్ చేశాడు. జంగయ్య మానేశాక మండలిలో మద్దెల వాయిస్తున్నది అతనే.

గోవర్ధన్ పది నిమిషాల్లో వచ్చాడు. తప్పు పట్టారని ముందు సిగ్గుపడ్డాడు గానీ, ఆ చరణం దగ్గర ఎప్పుడూ చెయ్యి తడబడుతుందని, ఎవరిని అడగాలో తెలియలేదని ఒప్పుకున్నాడు. జంగయ్య అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అతని తొడ మీదనే దరువు వేసి చూపించాడు. అట్లా మధ్యాహ్నం అన్నాల వేళ దాకా ఇద్దరూ బండి దిగలేదు.

ముక్కోటి ఏకాదశి నాడు జంగయ్య మళ్లీ భజనకు వెళ్లాడు. మద్దెల ఒళ్లో పెట్టుకుని, వాయిస్తున్నంతసేపూ గోవర్ధన్ చేతిలోని తాళాలనే చూస్తూ కూర్చున్నాడు. రెండో పాటలో ఆయనే ఒకచోట తడబడ్డాడు. పెద్దగా నవ్వేశాడు. గోవర్ధన్ తాళాలు పైకెత్తి కనబడేలా వేస్తే, ఆయన మళ్లీ దరువు అందుకున్నాడు. పాట ఆగకుండా సాగిపోయింది.